నా దగ్గర వెండి లేదు

స్పానిష్ నిఘంటువులో ‘ప్లాతా’ అంటే వెండి. దక్షిణ అమెరికా వీధుల్లో అదే మాటకు అర్థం డబ్బు. ఒక లోహం పేరు డబ్బుకు పేరుగా స్థిరపడిన ఆ కథ వెనక ఒక కొండ ఉంది. ఆ కొండను తవ్విన మనుషులున్నారు.

లీమా బజారులోనో, బొగోతా బస్సులోనో, సాంతియాగో వీధి మలుపులోని కాఫీ కొట్టు దగ్గరో పది నిమిషాలు నిలబడి వింటే చాలు, ‘ప్లాతా’ అన్న మాట చెవిన పడుతుంది. ‘నో తెంగో ప్లాతా’ అంటాడు ఒక కుర్రాడు తన స్నేహితుడితో. స్పానిష్ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు ఈ వాక్యాన్ని మాటకు మాట విడదీసి చూస్తే ‘నా దగ్గర వెండి లేదు’ అని వస్తుంది. ఆ కుర్రాడికి వెండితో పని లేదు. జేబులో డబ్బుల్లేవని చెబుతున్నాడు, అంతే. అదే వీధిలో నగల కొట్లోకి వెళ్లి ‘ప్లాతా’ అని అడిగితే మాత్రం వెండి ఉంగరాలు తీసి చూపిస్తారు.

స్పెయిన్‌లో డబ్బును మామూలుగా ‘దినేరో’ అంటారు. అక్కడ ప్లాతా అనగానే ముందు వెండే గుర్తొస్తుంది. అట్లాంటిక్ దాటి పెరూ, బొలీవియా, చిలీ, అర్జెంటీనా, కొలంబియాల్లో అడుగుపెడితే రోజుకు నూరుసార్లు వినిపించే మాట ప్లాతాయే. కూలి ప్లాతా, అప్పు ప్లాతా, అద్దె ప్లాతా. ఒకే భాష ఒకే మాటను రెండు తీరాల్లో ఇలా వేరుగా వాడుకోవడానికి కారణం వ్యాకరణంలో లేదు, చరిత్రలో ఉంది.

తెలుపు చూసినవాళ్లు, రేకు చూసినవాళ్లు

మన ‘వెండి’ మాటలో ఉన్నది తెలుపు. తమిళుల ‘వెళ్ళి’, మన ‘వెండి’, ‘వెన్నెల’లోని ‘వెన్’ ఒకే ద్రావిడ కుదురు నుంచి వచ్చినవి. మన పూర్వీకులు ఆ లోహాన్ని చూసి రంగుతో పేరు పెట్టారు. లాటిన్‌లో వెండిని ‘అర్జెంటుమ్’ అనేవారు. అందులోనూ మెరుపే ఉంది. ఫ్రెంచివాళ్లు దాన్ని ‘అర్జాన్’గా నిలుపుకున్నారు. వాళ్లకూ ఆ ఒక్క మాటే వెండి, డబ్బు రెండూ.

స్పెయిన్, పోర్చుగల్ జనం మాత్రం ఆ పాత మాటను కవిత్వానికి వదిలేసి వేరే దారి పట్టారు. చదునైన రేకుకు వాడే మాటనే వెండికి పేరుగా చేసుకున్నారు. దాని మూలాలు వెతికితే ‘వెడల్పైనది, చదునైనది’ అన్న గ్రీకు మాట దగ్గర తేలతాం. సాగగొట్టిన లోహపు రేకు కాలక్రమంలో వెండి రేకైంది, ఆ పైన వెండే అయింది. ఇప్పటికీ కంసాలిని స్పానిష్‌లో ‘ప్లతేరో’ అంటారు. మాటకు అర్థం మారడం అప్పటికే ఒకసారి జరిగిందన్నమాట. రేకు వెండి అయింది. వెండి డబ్బు కావడం ఇక మిగిలింది.

వెండి లేని వెండి నది

1516లో హువాన్ దియాస్ దె సొలీస్ అనే నావికుడు దక్షిణ అమెరికా తూర్పు తీరం వెంట దిగువకు వెళ్తూ ఒక విశాలమైన నదీముఖంలోకి చేరాడు. అవతలి ఒడ్డు కనబడదు, నీళ్లు మాత్రం ఉప్పగా లేవు. దానికి ‘మంచినీటి సముద్రం’ అని పేరు పెట్టాడు. ఒడ్డున దిగగానే స్థానికుల చేతిలో చనిపోయాడు. ఆ యాత్రలోని ఒక ఓడ తిరుగు ప్రయాణంలో బ్రెజిల్ తీరాన పగిలింది. బతికి బయటపడ్డవారిలో అలెషో గార్సియా అనే పోర్చుగీసు మనిషి ఉన్నాడు. అతడు గువరానీ జనంతో కలిసిపోయి, వాళ్లతోపాటు లోపలి అడవులు దాటి, ఆండీస్ కొండల్లోని ‘ఇంకా’ రాజుల సామ్రాజ్యపు సరిహద్దుల దాకా నడిచాడు. వెండి సామాను పట్టుకుని తిరిగొస్తూ దారిలోనే హతమయ్యాడు. కొండల అవతల వెండి ఉందన్న కబురు మాత్రం తీరానికి చేరింది.

1526లో సుగంధ ద్రవ్యాల దీవులకని బయలుదేరిన సెబాస్తియన్ కాబట్ ఆ కబురు విని దారి మార్చుకుని ఇదే నదిలోకి వచ్చాడు. స్థానికుల దగ్గర కొన్ని వెండి వస్తువులు దొరికాయి. ఆ ఆశతోనే నదికి ‘రియో దె లా ప్లాతా’, వెండి నది, అన్న పేరు నిలిచిపోయింది. ఆ నది ఒడ్డున వెండి గని లేదు. సముద్రంలో కలిసేచోట దాదాపు 220 కిలోమీటర్ల వెడల్పున పారేది గోధుమరంగు బురద నీరు. అయినా ఆ పేరు పోలేదు. 1602లో మార్తీన్ దెల్ బార్కో సెంతెనేరా అనే మతాధికారి లిస్బన్‌లో అచ్చువేయించిన కావ్యానికి లాటిన్ వెండి మాటను తీసుకుని ‘అర్జెంటీనా’ అని పేరు పెట్టాడు. చివరికి అది ఒక దేశం పేరే అయింది. ఫుట్‌బాల్ అభిమానులకు తెలిసిన ‘రివర్ ప్లేట్’ క్లబ్బు పేరు కూడా ఆ నదిదే. ఒక నది, ఒక దేశం, ఒక క్లబ్బు ఎక్కడో దూరాన ఉన్న లోహం పేరు మోస్తున్నాయి. ఆ లోహం ఉన్న చోటు పేరు పొతోసీ.

రాత్రి దీపాలు వెలిగిన కొండ

నేటి బొలీవియాలో, ఆండీస్ పర్వతాల మీద, 4,000 మీటర్లకు పైన పొతోసీ నగరం ఉంది. దాని నెత్తిన ఎర్రని శంకువులా లేచిన కొండ సెర్రో రికో. అంటే సంపన్నమైన కొండ. కెచువా భాషలో సుమక్ ఒర్కో, అందమైన కొండ. 1545లో దియెగో వాల్పా అనే స్థానికుడు ఈ కొండ మీద వెండి ఉందని కనుక్కున్నాడంటారు. తప్పిపోయిన లామా కోసం కొండెక్కి, చలికి మంట వేసుకుంటే తెల్లారేసరికి వెండి కరిగి పారిందన్న కథ ఒకటి జనం నోట నిలిచింది. ఆ ఏడాదే స్పెయిన్‌వాళ్లు అక్కడ పాగా వేశారు.

మొదట్లో ఈ వెండి స్పెయిన్‌వాళ్లకు లొంగలేదు. వాళ్ల తిత్తులు, కొలుములు అక్కడి ఖనిజాన్ని కరిగించలేకపోయాయి. ఆండీస్ జనం దగ్గర మాత్రం ‘వైరా’ ఉంది. కెచువాలో వైరా అంటే గాలి. ఒళ్లంతా కన్నాలున్న చిన్న మట్టి కొలిమి అది. దాన్ని గాలివాటున కొండ అంచుల మీద నిలబెడితే తిత్తి పని గాలే చేస్తుంది. 1549లో అక్కడికి వచ్చిన చరిత్రకారుడు సియెసా దె లెయోన్, రాత్రిపూట వాలుల మీద వెలిగే ఈ కొలుములు పండుగ దీపాల్లా కనిపించాయని రాశాడు. పాతికేళ్లకు పైగా పొతోసీ వెండి కరిగింది ఈ కొలుముల్లోనే. ఆ విద్య తెలిసిన చేతులు స్థానికులవే.

మేలురకం ఖనిజం అడుగంటాక పరిస్థితి తిరగబడింది. పాదరసంతో వెండిని వేరుచేసే పద్ధతిని బార్తొలొమే దె మెదీనా 1550ల్లోనే మెక్సికోలో పెద్ద ఎత్తున నడిపించాడు. 1570ల ఆరంభంలో అది పొతోసీకి చేరింది. ఖనిజాన్ని నీటి మరల్లో పొడిచేసి, ఉప్పు, పాదరసం కలిపి, కాళ్లతో తొక్కి, కడిగి, గుడ్డలో పిండి, మిగిలిన ముద్దను కాలిస్తే పాదరసం ఆవిరై వెండి మిగిలేది. ఆ విషపు ఆవిరి పోయింది కూలీల ఊపిరితిత్తుల్లోకే. పాదరసం పెరూలోని వాంకవెలికా గనుల నుంచి వచ్చేది. అవీ ప్రాణాలు తీసిన గనులే. మరలు తిప్పడానికి కొండల మధ్య చెరువులు కట్టారు. వాటిలో సాన్ ఇల్దెఫోన్సో చెరువు కట్ట 1626లో తెగి ఊరి మీద పడింది.

17వ శతాబ్దం తొలినాళ్లకు పొతోసీ జనాభా సుమారు 1,60,000. గడ్డి తప్ప ఏదీ సరిగా పండని ఆ ఎత్తున అంత నగరం నిలిచింది. తిండిగింజ మొదలుకొని కోకా ఆకు దాకా అంతా జంతువుల వీపుల మీద పైకెక్కాల్సిందే. స్పానిష్‌లో నేటికీ దేన్నయినా వెల కట్టలేమని చెప్పాలంటే ‘ఒక పొతోసీ విలువ చేస్తుంది’ అంటారు.

ఏడేళ్లకు ఒకసారి వచ్చే వంతు

ఆ వెండిని కొండలోంచి బయటికి మోసిందెవరు? ఈ ప్రశ్న దగ్గర ఆగకుండా ప్లాతా అన్న మాటకు అర్థం చెప్పడం అన్యాయం.

పెరూ వైస్రాయ్ ఫ్రాన్సిస్కో దె తొలేదో 1573 ప్రాంతంలో గనులకు ‘మీతా’ పద్ధతిని స్థిరపరిచాడు. కెచువాలో ఆ మాటకు అర్థం వంతు. ‘ఇంకా’ పాలకుల కాలంలో ఊరి పనులకు, రాజు పనులకు వంతులవారీగా వెళ్లే ఏర్పాటు అది. తొలేదో ఆ పాత పేరునే తీసుకుని వెట్టికి తొడిగాడు. 16 రాష్ట్రాల ఊళ్ల నుంచి, 18 నుంచి 50 ఏళ్ల వయసున్న మగవాళ్లలో ఏడో వంతు మంది ఏడాదిపాటు పొతోసీకి వెళ్లాలి. ఏటా దాదాపు 13,500 మంది. వారం గనిలో పని, రెండు వారాల విరామం అన్నది కాగితం మీది మాట. ఇచ్చే కూలి బతకడానికి చాలక, విరామమనుకున్న వారాల్లోనూ వాళ్లు మళ్లీ గనిలోకే దిగేవారు.

దూరపు ఊళ్ల నుంచి నడక నెలల తరబడి సాగేది. భార్య, పిల్లలు, తిండిగింజలు మోసే లామాలతో కుటుంబమంతా కదిలేది. వంతు తప్పించుకోవడానికి సొంత ఊరినీ, భూమినీ, బంధుత్వాన్నీ వదిలి ఎక్కడికో వెళ్లిపోయిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఊళ్లు పలచబడినా వంతు లెక్క తగ్గలేదు. మిగిలినవాళ్లు పోయినవాళ్ల వంతు కూడా మోయాల్సి వచ్చింది.

లోపల ఎలా ఉండేదో హోసె దె అకోస్తా అనే జెస్విట్ మతాచార్యుడు 1590లో అచ్చయిన తన గ్రంథంలో రాశాడు. పచ్చితోలు మోకులకు కర్రమెట్లు కట్టిన నిచ్చెనలు. రెండు అరోబాలు, అంటే సుమారు 23 కిలోల ఖనిజం దుప్పట్లో మూటకట్టి వీపున వేసుకుని, ఒకరి వెనక ఒకరు ఎక్కుతారు. ముందున్నవాడి బొటనవేలికి కొవ్వొత్తి కట్టి ఉంటుంది. ఆ ఒక్క వెలుగు పట్టుకుని చీకట్లోంచి పైకి. లోపల ఉక్క, చెమట. బయట ఆండీస్ గాలి, గడ్డకట్టించే చలి. ఆ తేడాకే జ్వరం పట్టి పోయినవాళ్లెందరో.

మీతా 1812లో స్పెయిన్ కాదీస్ సభ తీర్మానంతో రద్దయింది. దాదాపు 240 ఏళ్లు నడిచిన వంతు అది. వెండిలో రాజుగారి వాటా ఐదో వంతు. ఆ లెక్కల పుస్తకాలు నేటికీ భద్రంగా ఉన్నాయి. అందులో ప్రతి తూకం ఉంది. మోసిన మనిషి పేరు లేదు.

తూకమే నాణెం

కొండ పక్కన వెండి ఇంత దొరికినా తొలినాళ్లలో చేతిలో నాణేలు లేవు. పెరూలో మొదటి టంకశాల లీమాలో 1568లో తెరుచుకుంది. అంతకుముందు బేరమంటే వెండి ముక్కను తూచి ఇవ్వడమే. నేటికీ ఎన్నో దేశాల డబ్బుకు పేరుగా ఉన్న ‘పేసో’ ఆ తూకాన్నే గుర్తుచేస్తుంది. స్పానిష్‌లో పేసో అంటే బరువు. కూరగాయల కొట్లో అది తూకం, చిల్లర లెక్కలో అది డబ్బు. అదీ రెండర్థాల మాటే.

వెండి తూచి ఇవ్వడమే డబ్బు ఇవ్వడమైన చోట, వెండి అన్న మాట డబ్బు అన్న మాటగా మారడానికి ఎంతసేపు పడుతుంది? ఆండీస్ జనభాషలూ ఇదే దారిన నడిచాయి. కెచువాలో, ఐమారాలో ‘కొల్కి’ అంటే వెండి. నాణెమే ఎరుగని ‘ఇంకా’ల నేల మీద డబ్బు అన్నది వచ్చాక, దానికీ ‘కొల్కి’ అనే పేరు పెట్టుకున్నారు. దొర భాషలో, కూలీ భాషలో ఒకే రకంగా రెండర్థాలు అమరాయి. ఎదురుగా ఉన్న కొండ ఒకటే మరి.

పొతోసీ టంకశాల 1570ల్లో పనిలోకి దిగింది. అక్కడ పడిన నాణేల్లో పెద్దది ఎనిమిది రియాళ్ల నాణెం. సుమారు 27 గ్రాముల బరువు. మెక్సికో టంకశాల కూడా కొట్టిన ఈ నాణెం అన్ని సముద్రాల మీదా చెల్లింది. 1571లో స్పెయిన్‌వాళ్లు మనీలాను పట్టుకున్నాక అకపుల్కో రేవు నుంచి ఓడలు వెండిని నేరుగా ఆసియాకు మోశాయి. చైనా ఆ వెండిని తాగేసింది. అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో ఈ స్పానిష్ నాణెం 1857 దాకా చట్టప్రకారం చెల్లింది. డాలరు గుర్తు కూడా ‘పేసోలు’ అన్న మాటను ‘పి’, ‘ఎస్’ అక్షరాలతో క్లుప్తంగా రాసిన రాత నుంచే పుట్టిందని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం.

1640ల్లో ఒక పెద్ద మోసం బయటపడింది. పొతోసీ టంకశాల అధికారులు, వెండి వ్యాపారులు కుమ్మక్కై నాణేల్లో వెండి తగ్గించి రాగి కలిపారు. ఐరోపా బజార్లలో పొతోసీ నాణెం చెల్లని కాసైంది. రాజు పంపిన విచారణాధికారి దోషులను పట్టుకున్నాడు. వెండి వ్యాపారి ఫ్రాన్సిస్కో గోమెస్ దె లా రోచాకు 1650లో మరణశిక్ష పడింది. 1652 నుంచి స్తంభాలు, అలలు ఉన్న కొత్త ముద్రతో నాణేలు వచ్చాయి. ప్లాతా అన్న మాటలోని రెండు అర్థాలు విడిపోతే ఏమవుతుందో లోకం అప్పుడు చూసింది. డబ్బు ఉంది, అందులో ఉండాల్సిన వెండి లేదు. నమ్మకం పోయాక ఆ డబ్బు ఎవరికీ అక్కరలేకపోయింది.

బందరు రేవులో ఆ వెండి

ఈ వెండి తెలుగు నేల మీదకూ వచ్చింది. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నం చేరారు. వాళ్లకు కావలసింది జావా, మలుకు దీవుల మిరియాలు, లవంగాలు, జాజికాయ. ఆ దీవులవాళ్లకు కావలసింది కోరమాండల్ తీరపు నూలు బట్టలు, అద్దకపు బట్టలు. బట్ట లేనిదే మసాలా లేదు. మన నేతగాళ్లకు ఐరోపా సరుకుతో పెద్దగా పని లేదు. అందుకే ఓడలు వెండి మోసుకొచ్చాయి. పెట్టెల్లో ఎనిమిది రియాళ్ల నాణేలు. గోల్కొండ రాజ్యంలో పెద్ద బేరాలు బంగారు వరహాల్లో, హొన్నుల్లో జరిగేవి కనుక, వచ్చిన వెండిని షరాబులు తూచి, పరీక్షించి, ఇక్కడి నాణేలకు మార్చేవారు.

మొగలుల రేవు సూరత్‌లో అలాంటి వెండే కరిగి రూపాయలైంది. రూపాయి మాట వెనకున్న సంస్కృతపు ‘రూప్య’కు వెండి అనే అర్థం ఉంది. షేర్షా సూరి స్థిరపరిచిన ఆ వెండి నాణెం కథలో ఒక కాకతాళీయం ఉంది. షేర్షా కాలింజర్ కోట ముట్టడిలో చనిపోయిన 1545లోనే ప్రపంచానికి అవతల పొతోసీ కొండ బయటపడింది. మన దేశంలో అవసరానికి సరిపడా వెండి గనులు లేవు. మొగలుల కాలంలో లక్షల రూపాయలకు లోహాన్నిచ్చింది సముద్రం దాటి వచ్చిన వెండే. అందులో మెక్సికోది ఉంది, జపాన్‌ది ఉంది, పొతోసీది ఉంది. కరిగాక ఏది ఏ కొండదో చెప్పలేం.

తెలుగులో మన రోజువారీ మాట ‘డబ్బు’ది మరో దారి. బ్రౌను నిఘంటువు తిరగేస్తే డబ్బు ఒక రాగి నాణెం. కాలక్రమంలో ఆ రాగి నాణెం పేరే మొత్తం ధనానికి పేరైంది. సామాన్యుడి చేతిలో మెదిలింది వరహా కాదు, రూపాయి కాదు, రాగి డబ్బు. ఆండీస్ జనం ధనాన్ని వెండి అన్నారు. తెలుగువాళ్లు రాగి నాణెం పేరుతో పిలిచారు. ఏ జనం చేతిలో ఏది ఎక్కువ తిరిగితే ఆ జనం నోట అదే నిలిచింది.

ఇంటింటి మాట

స్పానిష్ ఇళ్లలో ఈ మాట ఎన్ని రూపాల్లో తిరుగుతుందో చూస్తే ముచ్చటేస్తుంది. పెళ్లయి పాతికేళ్లు నిండితే ‘ప్లాతా పెళ్లి’. డబ్బున్నవాడు ‘ప్లతూదో’. ఉన్నదున్నట్టు కుండబద్దలు కొట్టి చెప్పడాన్ని ‘వెండిలో మాట్లాడటం’ అంటారు. కల్తీ లేని మాట అని. ‘డబ్బిస్తే కోతీ ఆడుతుంది’ అన్న సామెతలోనూ ప్లాతాయే ఉంది.

ఇంకొక రూపం మన నగల కొట్లలోనూ ఉంది. కొలంబియాలోని చోకో ప్రాంతపు నదుల్లో బంగారం జల్లించేవాళ్లకు కరగని తెల్లటి గింజలు అడ్డొచ్చేవి. వాటిని ‘ప్లతీనా’ అన్నారు. చిన్న వెండి, చిల్లర వెండి అని ఒక చులకన. స్పెయిన్ శాస్త్రవేత్త అంతోనియో దె ఉల్యోవా 1748లో దాని గురించి రాశాక ఐరోపా ఆ లోహాన్ని పట్టించుకుంది. పెళ్లి ఉంగరాలకు మనం ఎంచుకునే ప్లాటినం అదే.

కొండ ఇంకా పనిలోనే ఉంది

1813లో, స్వాతంత్ర్య పోరాటం మధ్య, రియో దె లా ప్లాతా రాష్ట్రాలు రాజు ముఖం తీసేసి సూర్యుడి ముఖంతో తమ తొలి నాణేలను కొట్టించుకున్నాయి. అవి పడింది పొతోసీ టంకశాలలోనే. మూడు శతాబ్దాల కింద నావికులు ఆశతో వెండి పేరు పెట్టిన నదికి అసలైన వెండి అలా చేరింది. 1825లో బొలీవియా దేశమైంది. ఆ దేశపు రాజముద్ర మధ్యలో నేటికీ సెర్రో రికో ఉంటుంది.

1987లో యునెస్కో పొతోసీని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 2014లో ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో చేర్చింది. ఐదు శతాబ్దాలుగా తొలిచిన కొండ లోపల గుల్లయి, శిఖరం కుంగుతోంది. పాత టంకశాల భవనం ఇప్పుడు మ్యూజియం.

కొండ మాత్రం మ్యూజియం కాలేదు. సహకార సంఘాల కింద వేల మంది ఇంకా లోపలికి దిగుతూనే ఉన్నారు. ఇప్పుడు దొరికేది ఎక్కువగా జింకు, తగరం, సీసం, వాటితో కొద్దిపాటి వెండి. గని లోపల ‘ఎల్ తియో’ అనే కొమ్ముల దేవర మట్టిబొమ్మ ఉంటుంది. కోకా ఆకు, సిగరెట్టు సమర్పించి, ఈ పూట ప్రాణాలతో పైకి పంపమని మొక్కుకుని పనిలో దిగుతారు. రాతి ధూళి ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. మనుషుల్ని తినే కొండ అని దానికి అక్కడి జనం పెట్టుకున్న పేరు.

సాయంత్రం ఆ కార్మికుడు పైకొచ్చి, దుమ్ము దులుపుకుని, ఇంట్లో ఎదురుచూసే మనిషితో ‘ఈ వారం ప్లాతా తక్కువ’ అంటాడు. రాయిలో వెండి తగ్గిందనా, చేతికి డబ్బు తక్కువ వచ్చిందనా? లీమా కుర్రాడిని అడిగితే రెండో అర్థమే అంటాడు. నగల కొట్లో అడిగితే మొదటిదే అంటారు. ఈ మనిషిని అడగాల్సిన పని లేదు. రాయిలో వెండి తగ్గితేనే అతడి ఇంట్లో డబ్బు తగ్గుతుంది. బొటనవేలికి కొవ్వొత్తి కట్టుకుని తోలు నిచ్చెన ఎక్కిన మనిషికీ అంతే. ఈ మాటకు రెండు అర్థాలు కొండ దిగాకే వచ్చాయి.